ఒట్టు తీసి గట్టున పెట్టండి

రాజోలు వైపు ఒక ఊరి నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది. చెల్లెలు భీమవరంలో బీటెక్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. అమ్మ ఆరేళ్లుగా కువైట్‌లో, ఇళ్లల్లో పని. నాన్న ఊళ్లోనే, కొబ్బరి తోట చూసుకుంటారు. భోగి రోజు పొద్దున్నే నలుగు పెట్టి తలంటు పోద్దామని చెల్లి చెయ్యి పట్టుకుంటే, మోచేతి కింద వరసగా పాత గీతలు, వాటి పక్కనే రెండు కొత్తవి కనబడ్డాయట. గట్టిగా అడిగితే "చచ్చిపోవాలని కాదక్కా, అప్పటికి కాస్త తేలిగ్గా ఉంటుంది, అంతే" అందట. అక్క ఏడ్చేసి, ఇంకెప్పుడూ చెయ్యనని చెల్లి చేత తన తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. పండగ అయ్యాక హాస్టల్‌కి వెళ్లిన దగ్గర్నుంచి చెల్లి ముక్తసరిగా మాట్లాడుతోంది, వీడియో కాల్ ఎత్తడం లేదు. నాన్నకి చెప్పాలా, అమ్మకి చెప్పాలా? డాక్టర్ దగ్గరికి వెళితే పేరు పాడవుతుందా, పోలీసు కేసవుతుందా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, నేను గోదావరి జిల్లాల్లో ఇరవై ఏళ్లకు పైగా మానసిక వైద్యం చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కాలేజీ పిల్లలే ఎక్కువ. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను గానీ, ముందు మీరు అడగని విషయం ఒకటి ఉంది. ఆ ఒట్టు.

మీరు ప్రేమతోనే వేయించారు, నాకు తెలుసు. కానీ ఇప్పుడు ఆ అమ్మాయి ఎక్కడ ఇరుక్కుందో చూడండి. ఏ రాత్రో తట్టుకోలేక మళ్లీ చేసుకుందే అనుకుందాం. ఇదివరకైతే తన చేతికి గాయం చేసుకున్నానన్న బాధ ఒక్కటే. ఇప్పుడు అక్క తల మీద వేసిన ఒట్టు తప్పానన్న భయం కూడా. అక్కకి ఏమన్నా అవుతుందేమోనని లోపల వణుకు. మనం చదువుకున్నవాళ్లమే అయినా ఒట్టుకి భయపడతాం, అది మన నెత్తురులో ఉంది. అలాంటప్పుడు మీతో ఎలా చెబుతుంది? వీడియో కాల్ ఎత్తకపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు. మళ్లీ చేసుకుని ఉండొచ్చు, లేదా చేసుకుంటానేమోనన్న భయంతో మీ మొహం చూడలేకపోతూ ఉండొచ్చు.

ఈ తప్పు నేనూ చేశాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి చేత "ఇకపై ఇలా చెయ్యను" అని కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాను. అప్పట్లో చాలామందిమి అలాగే చేసేవాళ్లం. ఆ అమ్మాయి అయిదు నెలలు రాలేదు. నయమైపోయిందనుకున్నాను! తర్వాత వాళ్ల పిన్ని బలవంతం మీద వచ్చింది. "మాట తప్పాను సార్, మళ్లీ మీకు మొహం ఎలా చూపించను" అంది. ఆ రోజు నుంచి కాగితాలు మానేశాను. ఇలాంటి ఒప్పందాల వల్ల ప్రమాదం తగ్గుతుందని పరిశోధనలు కూడా చూపలేకపోయాయి.

కాబట్టి మీరు చెయ్యాల్సిన మొదటి పని ఆ ఒట్టు తీసెయ్యడం. మన పెద్దవాళ్లు "ఒట్టు తీసి గట్టున పెట్టు" అంటారే, సరిగ్గా అదే. ఎలా చెప్పాలో చివర్లో రాస్తాను.

ఇక ఆ పని ఎందుకు చేసుకుంటారన్నది. బయటినుంచి చూసేవాళ్లకి ఇది పిచ్చి అనో, నలుగురి దృష్టిలో పడాలనో అనిపిస్తుంది. నలుగురూ చూడాలనుకునేవాళ్లు ఏప్రిల్ ఎండలో ఫుల్ హ్యాండ్స్ వేసుకుని తిరగరు కదా. నూటికి తొంభై మంది దాచుకునేవాళ్లే నాకు కనబడతారు. వాళ్లు చెప్పేది దాదాపు ఒకటే: లోపల ఏదో పొంగుకొస్తుంది, దానికి పేరు తెలియదు, ఎవరికి చెప్పాలో తెలియదు, ఆ క్షణానికి అది ఆగాలి. కొందరికి దీనికి వ్యతిరేకం. ఏమీ అనిపించదు, మనిషి మొద్దుబారిపోయినట్టుంటుంది, ప్రాణంతో ఉన్నానా అని సందేహం. ఇంకొందరు తమను తాము శిక్షించుకుంటారు. మీ చెల్లి చెప్పిన తేలిక అబద్ధం కాదు, కానీ నిమిషాల్లో పోతుంది. వెనకాలే సిగ్గు, అసహ్యం వచ్చి కూర్చుంటాయి. ఆ సిగ్గే మరుసటి రాత్రి మళ్లీ పొంగడానికి కారణమవుతుంది. అలా చక్రం తిరుగుతుంది.

మీ చెల్లి ఒక్కతే ఇలా ఉందని అనుకోకండి. వేర్వేరు దేశాల అధ్యయనాలన్నీ కలిపి 2014లో చేసిన ఒక సమీక్షలో, టీనేజి పిల్లల్లో సుమారు 17 శాతం, యువతలో సుమారు 13 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా చావాలన్న ఉద్దేశం లేకుండా తమకు తాము గాయం చేసుకున్నట్టు తేలింది. అరవైమంది ఉన్న క్లాసురూంలో ఏడెనిమిది మంది అన్నమాట. అబ్బాయిలూ ఉంటారు. వాళ్లు కోపమొచ్చి గోడకి గుద్దుకున్నామంటారు, మనం "కుర్రాడు, ఆవేశం" అని నవ్వి వదిలేస్తాం.

అయితే "చచ్చిపోవాలని కాదు" అన్న మాట విని మీరు పూర్తిగా నిశ్చింతగా ఉండకూడదు. ఈ రోజు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ఇలా గాయం చేసుకునేవాళ్లలో తర్వాత ఆత్మహత్య ఆలోచనల ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువ. అందుకని సూటిగా అడగాలి: "నీకు చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" ఈ మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం. అడగడం వల్ల ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి, నా అనుభవమూ అదే. అడిగినప్పుడు పిల్లల భుజాలు కిందికి దిగడం నేను కళ్లారా చూశాను, హమ్మయ్య ఎవరో అడిగారు అన్నట్టు. "అవును" అంటేనో, ఎలా ఎప్పుడు అని ఆలోచించి పెట్టుకున్నట్టు తెలిస్తేనో, ఆ రాత్రి ఒంటరిగా ఉంచకండి, మర్నాటిదాకా ఆగకండి. దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి. ఇంట్లో చేనుకీ చెరువుకీ వాడే మందులుంటే, నాన్నగారి మాత్రలుంటే, తాళం వేసి ఆ తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. మన వైపు ఈ డబ్బాలు వసారాలో చీపురు పక్కనే ఉంటాయి, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

మరి ఒట్టు లేకపోతే ఏం ఉండాలి? మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిన లెక్క ఒకటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే ఒకటో హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్లు మూడోదాకా ఆగి గొడ్లు తోలుకురారు. ఒకటో హెచ్చరికకే దూడల్ని గట్టెక్కిస్తారు. మూడో హెచ్చరిక వచ్చాక గోదావరితో "పొంగనని ఒట్టెయ్యి" అంటే ఏం లాభం?

నా దగ్గరికి వచ్చే పిల్లల చేత ఒక తెల్లకాగితం మీద ఇలాగే మూడు గీతలు గీయిస్తాను. లంక ఊరి నుంచి వచ్చి కాకినాడలో చదువుకున్న ఒక అబ్బాయి కాగితం ఇలా ఉండేది, గుర్తుపట్టకుండా కాస్త మార్చి చెబుతున్నాను. ఒకటో గీత దగ్గర: "మెస్‌కి వెళ్లబుద్ధి కాదు, ఫోన్ బోర్లా పెట్టేస్తాను." రెండో గీత దగ్గర: "దవడలు బిగుసుకుంటాయి, ఎవరు పిలిచినా చిరాకు, నేను పనికిరాను అనే మాట మళ్లీ మళ్లీ తిరుగుతుంది." మూడో దాని దగ్గర ఒక్క ముక్కే: "ఏమీ వినబడదు." ఒక్కో గీతకి ఎదురుగా ఏం చెయ్యాలో కూడా తనే రాశాడు. ఒకటో దానికి గది నుంచి బయటపడి మనుషులున్న చోటికి, టీ కొట్టు దగ్గరికి వెళ్లడం. రెండో దానికి మొహం మీద చల్లటి నీళ్లు కొట్టుకోవడం, మెట్లు గబగబా ఎక్కి దిగడం, ఊపిరి లోపలికి పీల్చినదానికన్నా బాగా నెమ్మదిగా బయటికి వదలడం, ఆ తర్వాత ఒక స్నేహితుడికి "వరద" అని ఒక్క మాట మెసేజ్ పెట్టడం. ఆ స్నేహితుడు ఏమీ అడక్కుండా వచ్చి పక్కన కూర్చోవాలి. మూడో దానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒక్కడే ఉండకూడదు. గాయానికి వాడే వస్తువులు గదిలో లేకుండా ముందే తీసి పెట్టమని కూడా ఆ స్నేహితుడికే చెప్పాం. వైద్య భాషలో దీన్ని సేఫ్టీ ప్లాన్ అంటారు. వరద హెచ్చరికలు నా పైత్యం, కానీ మన పిల్లలకి అది వెంటనే ఎక్కుతుంది.

ఇంటర్నెట్‌లో కొన్ని చిట్కాలు తిరుగుతుంటాయి, ఒక నొప్పికి బదులు ఇంకో చిన్న నొప్పి కలిగించుకోమని. నేను వాటిని చెప్పను. అలవాటు పేరు మారుతుంది, అంతే.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. అమ్మ కువైట్‌లో ఉందన్నారు. మనకీ కువైట్‌కీ రెండున్నర గంటల తేడా. అక్కడ యజమాని ఇంట్లో గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టి అమ్మ ఫోన్ పట్టుకునేసరికి అక్కడ పది, ఇక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. హాస్టల్లో లైట్లు ఆర్పేసి ఉంటాయి. కోనసీమ నుంచీ నరసాపురం వైపు నుంచీ ఇలాంటి పిల్లల్ని నేను చాలామందిని చూశాను. ఒకమ్మాయి ఆ ఫోన్ సంభాషణ నాకు మాట మాటా చెప్పింది. ఏం తిన్నావే? పప్పుచారమ్మా. బాగా చదువుతున్నావా? ఆఁ. ఇంకేంటి? ఏం లేదమ్మా. అప్పటికి ఆమెకి మూడు సబ్జెక్టులు ఉండిపోయాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేది. అప్పుడే అమ్మ "మీ కోసమే కదే నేనిక్కడ పడి ఉన్నాను" అనేది. ఆ తల్లి అందులో తప్పేమీ అనలేదు, నిజమే చెప్పింది. కానీ ఫోన్ పెట్టేశాక ఆ వాక్యాన్ని గుండెల మీద పెట్టుకుని చీకట్లో పడుకోవాల్సింది ఆ పిల్ల. గాయాలన్నీ ఆ రాత్రుళ్లవే.

మీ ఇంట్లోనూ ఇదే జరుగుతోందని నేను అనడం లేదు. ఏ రోజు, ఏ వేళ, దానికి ముందు ఏం జరిగింది అన్నది మెల్లగా తెలుసుకోండి అంటున్నాను. గాయం ఎంత లోతు, దేంతో చేసుకున్నావు అని కూపీ లాగకండి, ఆ చెయ్యి పదే పదే చూపించమనకండి. దానికి ముందు గంటలో ఏం జరిగిందో అడగండి. కాలేజీల్లో నేను ఎక్కువగా వినే కారణాలు: ఉండిపోయిన సబ్జెక్టులు, క్రెడిట్లు తగ్గి డిటెయిన్ అవుతానన్న భయం, ఫీజు బాకీ అని ఆఫీసు నుంచి పిలుపు, తెలుగు మీడియం నుంచి వచ్చి ల్యాబ్ వైవాలో నోరు పెగలకపోవడం, ఫొటోలు బయటపెడతానని బెదిరించే ప్రేమికుడు, కులం పేరుతో ఒక మాట, చిన్నప్పుడు దగ్గరివాళ్లే చేసిన, ఎవరికీ చెప్పుకోలేని పని. ఇంటర్ రెండేళ్లూ తెల్లవారుజామున అయిదు నుంచి రాత్రి పదిదాకా గంట కొడితే లేచి గంట కొడితే పడుకున్న పిల్లలు, బీటెక్‌లో ఒక్కసారిగా ఎవరూ అడగని చోట పడతారు. బాధ వస్తే ఏం చెయ్యాలన్నది వాళ్లకి ఎవరూ చెప్పలేదు, సిలబస్‌లో లేదు కదా!

హాస్టల్ వార్డెన్‌కి చెప్పాలా వద్దా అన్నది జాగ్రత్తగా చూసుకోండి. కొందరు వార్డెన్లు తల్లికన్నా మిన్న. కానీ ఒక కాలేజీలో, పేరెందుకు, విషయం తెలిసిన గంటలో అమ్మాయి పెట్టె సర్దించి గేటు దగ్గర కూర్చోబెట్టి, తండ్రికి ఫోన్ చేసి తీసుకుపొమ్మన్నారు. సాయంత్రానికి హాస్టలంతా తెలిసిపోయింది. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో తీర్పు చెబుతూ, వంద మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి సంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలని మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి కాలేజీలో కౌన్సెలర్ ఎవరని అడిగే హక్కు మీకుంది. ఇంగ్లిష్ మేడమ్‌కే ఆ బాధ్యత అప్పగించామంటే అది లెక్కలోకి రాదు.

డాక్టర్ విషయం. ఈ అలవాటుకంటూ ప్రత్యేకంగా ఒక మాత్ర లేదు. దాని వెనక డిప్రెషన్ గానీ యాంగ్జైటీ గానీ ఉంటే మందులు పనిచేస్తాయి, కానీ పూర్తి గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఇరవై అయిదేళ్లలోపు వాళ్లకి మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆందోళన, చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో దగ్గరుండి కనిపెట్టాలి. బాగుందని మధ్యలో మీరే ఆపెయ్యకూడదు. ఈ మందులు సారాయిలా బానిసల్ని చెయ్యవు. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించమంటాను. మన అమ్మాయిల్లో ఇవి ఎక్కువ, నీరసాన్నీ దిగులునీ ఇవి ఇంకాస్త పెంచుతాయి.

మందులకన్నా ఇక్కడ ఎక్కువ పనిచేసేది మాటల వైద్యం. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతిని అమెరికాలో మార్షా లినెహాన్ అనే సైకాలజిస్టు రూపొందించారు. దాని మీద మొదటి క్లినికల్ పరీక్ష ఫలితాలు 1991లో వచ్చాయి. చల్లటి నీళ్లు, ఊపిరి అని పైన చెప్పినవి ఆ పద్ధతిలోవే. 2011లో ఆవిడ ఒక సభలో నిలబడి, పదిహేడేళ్ల వయసులో తాను కూడా ఇలాగే గాయాలు చేసుకుని ఆసుపత్రిలో ఉన్నానని చెప్పారు. మీ చెల్లికి ఈ ఒక్క ముక్క చెప్పండి, నేను చెప్పేవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

కౌన్సెలర్ బోర్డు పెట్టిన ప్రతివాళ్లూ క్లినికల్ సైకాలజిస్టు కాదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. డబ్బు ఇబ్బంది అయితే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. అంతకన్నా ముందు, ఇంట్లో కూర్చునే 14416కి ఫోన్ చెయ్యొచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చెల్లి కోసం మీరు కూడా చేసి అడగొచ్చు. మామ్మగారు తాయెత్తు కడతానంటే కట్టనివ్వండి, గొడవపడకండి. అది ఉందని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం ఆపకండి.

పోలీసు కేసు భయం వదిలెయ్యండి. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలని, వైద్యం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షనే లేదు. మీ చెల్లిది అసలు ఆ కోవలోకే రాదు. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం కూడా అదే 2017 చట్టంలో ఉన్న హక్కు. క్యాంపస్ సెలక్షన్‌కి వచ్చే కంపెనీకి డాక్టర్ చీటీ ఎవరూ పంపరు. సంబంధాల సంగతి అంటారా, పంతొమ్మిదేళ్ల పిల్లకి ఇప్పుడు దాని తొందరేమిటి?

నాన్నకీ అమ్మకీ చెప్పడం గురించి. ఆమె మైనర్ కాదు, కాబట్టి ముందు ఆమెనే అడగండి: "ఎవరికి చెబుదాం, ఎంతవరకు చెబుదాం?" ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం అడగకుండానే చెబుతానని కూడా ముందే స్పష్టంగా చెప్పండి, అది దాచి పెట్టి తర్వాత చేస్తే నమ్మకం పోతుంది. నాన్నకి చెప్పాల్సి వస్తే చేతి మీద గీతలతో మొదలుపెట్టకండి. "చెల్లికి రాత్రుళ్లు నిద్ర ఉండటం లేదు, మనసు బాగోలేదు, డాక్టర్‌కి చూపిద్దాం" అంటే చాలు. మిగతాది డాక్టర్ గదిలో చెప్పుకోవచ్చు. అమ్మకి ఫోన్‌లో చెప్పొద్దని అనను గానీ, అంత దూరంలో పాస్‌పోర్టు చేతిలో ఉందో లేదో తెలియని మనిషికి అర్ధరాత్రి ఈ వార్త ఒంటరిగా మోయడం కష్టం. వైద్యం మొదలయ్యాక, పక్కన ఎవరైనా ఉన్న వేళ చెప్పండి. ఆ పన్నెండున్నర ఫోన్‌ని ఆదివారం పగటిపూటకి మార్చుకోగలరేమో కూడా ముగ్గురూ కలిసి చూడండి.

ఎప్పటికి తగ్గుతుంది అని అడుగుతారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో దాదాపు రెండువేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంట ఉండి గమనించారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, టీనేజిలో ఇలా చేసుకున్నవాళ్లలో తొంభై శాతం మంది పెద్దయ్యాక చేసుకోలేదు. డిప్రెషన్, యాంగ్జైటీ ఉన్నవాళ్లలో మాత్రం ఇది కొనసాగే అవకాశం ఎక్కువ, అందుకే వాటికి వైద్యం అంటున్నాను. మధ్యలో ఒకటి రెండుసార్లు మళ్లీ చేసుకోవచ్చు. అప్పుడు మీ మొహంలో నిరాశ కనబడనివ్వకండి. గాయం శుభ్రంగా కడిగి కట్టు కట్టండి, లోతుగా ఉంటే ఆసుపత్రిలో చూపించి టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి, కాసేపు అయ్యాక ఆ కాగితంలో ఏ గీత దగ్గర తప్పిపోయిందో ఇద్దరూ చూడండి.

ఈ ఆదివారం వీలు చేసుకుని మీరే వెళ్లండి. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా బస్సులో పోతే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు. గదిలో కాకుండా బయటికి తీసుకెళ్లండి, ఏమన్నా తినిపించండి. ఎదురెదురుగా కూర్చుని కళ్లల్లోకి చూస్తూ అడగడంకన్నా పక్కపక్కన నడుస్తుంటే మాట సులువుగా వస్తుంది. ఇలా అనండి: "ఆ రోజు నేను భయపడి ఒట్టు వేయించుకున్నాను. అది తీసేశాను. నువ్వు తప్పినా నాకేమీ కాదు, నీ మీద కోపమూ రాదు. తప్పిన రోజే ముందు నాకు ఫోన్ చెయ్యి." అంతే చెప్పి ఊరుకోండి. వెంటనే జవాబు రాకపోతే పోనివ్వండి, బస్సెక్కేదాకా టైముంది.

వచ్చేముందు 14416 ఆమె ఫోన్‌లో సేవ్ చేసి రండి. రూమ్మేట్లు చూస్తారని భయపడితే ఏ పేరైనా పెట్టుకోవచ్చు. నా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి "పాలకొల్లు పిన్ని" అని పెట్టుకుంది.